ఎడమ పక్క గీతలు: ఒక రిఫ్రెషర్ కోర్సు కేసు

కర్నూలులో నేను డ్రైవింగ్ స్కూల్ పెట్టి 20 ఏళ్లు దాటింది. డ్యూయల్ కంట్రోల్ బండ్లు, అంటే పక్క సీటు దగ్గర కూడా బ్రేకు ఉన్నవి, రెండు, నేను, ఇంకో ఇన్‌స్ట్రక్టరు. మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువ మంది కుర్రవాళ్లు, కొత్తగా ఉద్యోగాల్లో చేరిన ఆడపిల్లలు. ఈ కేసు మాత్రం 68 ఏళ్ల రిటైర్డ్ లెక్కల మాస్టారిది. పెద్ద వయసులో డ్రైవింగ్ ఎలా సరిదిద్దాలో రాసుకుందామని నోట్సు మొదలుపెట్టాను. సగానికి వచ్చేసరికి అందులో క్లచ్చు, బ్రేకుల కన్నా బస్టాపు, ప్రహరీగోడే ఎక్కువ కనిపించాయి. మాస్టారి ఇంటివాళ్లను అడిగే రాస్తున్నాను. పేర్లు, వెంచర్ పేరు మాత్రం రాయను.

మొదట ఫోన్ చేసింది వాళ్లబ్బాయి, బెంగళూరు నుంచి. "నాన్న ఈమధ్య గేటుకు రెండుసార్లు రాశాడన్నా. వచ్చే నెల లైసెన్సు రెన్యువల్ ఉంది. ఓ పది రోజులు రిఫ్రెషర్ ఇప్పిస్తే చేయి కుదురుతుంది" అన్నాడు. 55 దాటినవాళ్లకు లైసెన్సు ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి, డాక్టరు సంతకంతో ఫారం 1ఏ కూడా పెట్టాలి. మాకు ఇది మామూలు వ్యవహారమే. ఫీజు చెప్పాను, టైము ఇచ్చాను.

ఎవరొచ్చినా నేను ముందు మనిషిని కాదు, బండిని చూస్తాను. మాస్టారి వ్యాగన్ ఆర్ చుట్టూ ఒక రౌండు తిరిగాను. కుడి పక్క తళతళలాడుతోంది. ఎడమ పక్క ముందు బంపరు మూలన గీతలు, వెనక తలుపు మీద సొట్ట, అద్దానికి నల్ల టేపు చుట్టి ఉంది. కొత్తగా నేర్చుకునేవాళ్ల బండికి ఎడమ పక్కే తగలడం మామూలే, అది మనం కూర్చునే సీటుకు దూరం కాబట్టి అంచనా దొరకదు. కానీ ఈయన 15 ఏళ్లుగా నడుపుతున్న మనిషి. పాత గీత ఒక్కటీ లేదు. అన్నీ ఏడాది లోపువే.

"కళ్లెలా ఉన్నాయి సార్?" అన్నాను.

"అద్దాలు మొన్న మార్చినా. పేపరు చదువుతా. ఇంకేం కావల్ల?"

లైసెన్సు కోసం మనం నింపే ఫారం 1లో ఒక ప్రశ్న ఉంటుంది: మంచి పగటి వెలుతురులో 25 మీటర్ల దూరం నుంచి కారు నంబరు ప్లేటు చదవగలరా అని. నింపేవాళ్లలో చాలామంది చదవకుండానే టిక్కు పెడతారు. నేను నిజంగానే అడుగులు కొలిచి, మా రెండో బండిని అక్కడ పెట్టించి చదవమన్నాను. మాస్టారు గడగడా చదివేశారు. పైగా ఆ నాలుగు అంకెలూ కలిపితే తొమ్మిదితో పోతుందని కూడా చెప్పారు.

పాసయ్యారు. నాకే తృప్తి లేదు.

మర్నాడు పొద్దున 6:30కి వాళ్ల వెంచర్ రోడ్ల మీదే నడపమన్నాను. నేను ఎడమ సీట్లో, కాలు బ్రేకు మీద. గేర్లు మార్చడం బ్రహ్మాండం. ఇండికేటరు వేయడం మరిచిపోరు, ఇది మా కుర్రవాళ్లలో నేను చూడని గుణం. మూడో మలుపులో ఎడమ నుంచి పాలు పోసే అబ్బాయి సైకిలు మీద వచ్చాడు. మాస్టారి కాలు కదల్లేదు. నేను బ్రేకు తొక్కాను.

"వీడెక్కడి నుంచి ఊడిపడ్డాడయ్యా?" అన్నారాయన.

ఆ అబ్బాయి ఊడిపడలేదు. దాదాపు 50 అడుగుల నుంచి బెల్లు కొట్టుకుంటూ వస్తున్నాడు. అరగంటలో అదే మాట ఇంకో రెండుసార్లు విన్నాను, ఒకసారి మేక గురించి, ఒకసారి ఆగి ఉన్న ఆటో గురించి. మూడూ ఎడమ పక్కవే. నేను డాక్టర్ని కాదు. అయినా బండి ఆపి ఎదురుగా కూర్చుని, నా ముక్కు వైపే చూడమని, పక్కనుంచి వేలు ఆడిస్తూ మధ్యలోకి తెచ్చాను. కుడి పక్క తొందరగానే చెప్పారు. ఎడమ పక్క వేలు దాదాపు నా చెవి దాకా వచ్చేదాకా చెప్పలేదు. పాఠం ఆపేసి కంటి ఆసుపత్రికి పొమ్మన్నాను.

పక్కచూపు ఎంతుందో కొలిచే ఫీల్డ్ టెస్టులో నీటికాసులని తేలింది, అంటే గ్లాకోమా. రెండు కళ్లలోనూ ఉంది, ఎడమ కంట్లో ఎక్కువ. ఈ జబ్బులో కంటి నరం మెల్లగా దెబ్బతింటుంది, ముందు పక్కచూపు పోతుంది, నడిమి చూపు చివరిదాకా నిలుస్తుంది. అందుకే పేపరు చదవగలరు, 25 మీటర్ల ప్లేటు చదవగలరు. పోయిన చోట నల్లగా కనిపించినా మనిషికి అనుమానం వచ్చేదేమో. మెదడు ఆ ఖాళీని చుట్టుపక్కల కనిపించే దానితోనే పూడ్చేస్తుందట. ఆయనకు కనిపించేది ఖాళీ రోడ్డు. చుక్కల మందుతో జబ్బును ఆపవచ్చు గానీ పోయిన చూపు తిరిగి రాదని, ఇక బండి నడపవద్దని డాక్టరమ్మ చెప్పారు.

రిపోర్టు పట్టుకుని మా స్కూలుకే వచ్చారు మాస్టారు. కోపం జబ్బు మీద కాదు, నా మీద.

"నువ్వు ఆ వేలు ఆడించకుండా ఉంటే రెన్యువల్ అయిపోయేది కదయ్యా. ఇప్పుడు కారు లేకుంటే ఆ ఇంట్లో నేనేం చేయల్ల? గోడలు చూసుకుంటా కూచోవల్లనా?"

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. కారు లేకపోతే ఇంట్లో కూర్చోవడమేమిటి, ఈయన ఉద్యోగం చేసినన్నాళ్లూ బడికి నడిచి వెళ్లిన మనిషి కదా అనిపించింది. అప్పుడు వాళ్ల ఇంటి సంగతి అడిగాను.

మొదట్లో వీళ్లు పెద్దమార్కెట్ దగ్గర అద్దె ఇంట్లో ఉండేవారు. పాలు, కూరగాయలు, మందులు, గుడి, బ్యాంకు, అన్నీ పది నిమిషాల నడకలో. సాయంత్రం కొండారెడ్డి బురుజు దాకా నడిచి, టీ తాగి, నలుగురితో మాట్లాడి రావడం మాస్టారికి అలవాటు. కారు ఉండేది గానీ పెళ్లిళ్లకు, మహానందికి తప్ప బయటికి తీసేవాళ్లు కాదు. 2019 డిసెంబరులో కర్నూలు న్యాయ రాజధాని అన్న ప్రకటన రాగానే ఇక్కడ స్థలాల మాట ఎలా మారిందో ఊళ్లో వాళ్లందరికీ తెలుసు. రిటైర్మెంటు డబ్బు చేతిలో ఉంది. నంద్యాల రోడ్డులో ఒక వెంచర్‌లో ప్లాటు కొన్నారు, ఇల్లు కట్టుకున్నారు. రాజ్‌విహార్ సెంటరుకు 11 కిలోమీటర్లు.

ఆ బ్రోచరు ఇంకా దాచుకున్నారు. చూపించారు. రాజ్‌విహార్ 15 నిమిషాలు, ఓర్వకల్లు ఎయిర్‌పోర్టు 10 నిమిషాలు, హైవేకు ఆనుకునే. దూరాలన్నీ నిమిషాల్లోనే ఉన్నాయి. కిలోమీటరన్న మాట ఎక్కడా లేదు. ఆ నిమిషాలు ఎవరివి? కారు ఉండి, కన్ను బాగుండి, పెట్రోలు పోయించుకోగలిగిన మనిషివి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క ప్రకారం దేశంలో కారున్న కుటుంబాలు 7.5 శాతం. ఆ ఏడున్నర శాతంలో కూడా స్టీరింగ్ పట్టేది ఇంటికి ఒకరు. ఆ ఒక్కరి కంటికి ఏమైనా అయితే పదిహేను నిమిషాలు మళ్లీ 11 కిలోమీటర్లయిపోతాయి.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఇదంతా విన్నాక కూడా నాకు తోచిన పరిష్కారం ఏమిటంటే, మాస్టారి భార్యకు, అదే అమ్మగారికి, డ్రైవింగ్ నేర్పడం. నాది డ్రైవింగ్ స్కూలు మరి. సుత్తి చేతిలో ఉన్నవాడికి కనిపించేవన్నీ మేకులే. ఆమెకు 62. ఎల్‌ఎల్‌ఆర్ తీయించి, 21 రోజుల కోర్సులో చేర్చుకున్నాను.

ఆమె బాగానే నేర్చుకున్నారు, అందులో అనుమానం లేదు. మొదటి వారం గేరు రాడ్డు వైపు చూడకుండా చేయి వేయలేకపోయారు. "చేతికి కళ్లుంటాయమ్మా, మీరు రోడ్డు చూడండి" అంటే, "పప్పులో ఉప్పు చూసుకోకుండానే వేస్తా గదా, అట్లనా?" అన్నారు. అంతే, ఆ రోజు నుంచి చూడలేదు. హాఫ్ క్లచ్చు మాత్రం వంతెన ఎక్కుడు మీద చాలా రోజులు తిప్పలు పెట్టింది. టెస్టులో మొదటిసారి రివర్స్ దగ్గర ఫెయిల్. ఏడు రోజులు ఆగి మళ్లీ వెళ్లి పాసయ్యారు. కానీ లైసెన్సు చేతికొచ్చాక కూడా ఆమె హైవే ఎక్కలేదు. లారీ పక్కనుంచి పోతే స్టీరింగ్ మీద చేతులు బిగుసుకుపోతున్నాయి, చీకటి పడితే అసలే తీయనన్నారు. ఆ భయం తప్పని నేను అనను. 62 ఏళ్లకు నాలుగు లేన్ల మీద లారీల మధ్య కొత్తిమీర కోసం బండి తోలాల్సి రావడమే తప్పు.

కొత్తిమీర అని ఊరికే అనలేదు. కోర్సు జరుగుతుండగానే ఒక వారం పాటు కారు తీసిన ప్రతిసారీ ఎందుకో రాయమని ఆమెకు ఒక నోటుబుక్కు ఇచ్చాను. ఆ వారం కారు నడపడానికి అన్న కొడుకు వచ్చి ఉన్నాడు. పుస్తకం నా దగ్గరే ఉంది. "మంగళవారం. పాలు. కారు. మంగళవారం. కొత్తిమీర మరిచిపోయినం, మళ్లీ కారు. బుధవారం. బీపీ మాత్రలు. కారు." ఏడు రోజుల్లో 17 సార్లు కారు తీశారు. అందులో 11 సార్లు పాలు, కూర, మందు, జిరాక్సు లాంటి చిల్లర పనులే. పాత ఇంట్లో ఈ పదకొండూ చెప్పులు వేసుకుని చేసే పనులు. మాకు 17 సార్లు కారు తీయడమంటే "బాగా వాడతారు" అని మెచ్చుకునే సంగతి. ఆ పుస్తకం చూశాక ఆ మాట అనలేకపోయాను.

బస్సు సంగతి చూద్దామని ఒక మధ్యాహ్నం ముగ్గురం వాళ్లింటి నుంచి బస్టాపు దాకా నడిచాం. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకు పల్లెవెలుగులో ప్రయాణం ఉచితం. అమ్మగారికి టికెట్టు లేదు, మాస్టారికి సీనియర్ సిటిజన్ కింద పావు వంతు తగ్గింపు. డబ్బు సమస్యే కాదు. వెంచర్ లోపలి రోడ్డు 40 అడుగులది. ఆ వెడల్పులో ఆ రోజు నడుస్తున్నది మేం ముగ్గురమే. అంచున నడిచే బాట లేదు, అవసరం లేదనుకున్నారేమో. బ్రోచర్‌లో చూపినట్టే రెండు వైపులా రాయల్ పామ్ చెట్లు నాటారు. ఆ చెట్టు నీడ దాని మొదలుకే సరిపోదు. ఒక వేపచెట్టు ఉండి ఉంటే అన్నారు అమ్మగారు, కొంగు తలమీద కప్పుకుంటూ. ఆర్చి దాకా వచ్చేసరికి మాస్టారు రెండుసార్లు ఆగారు. ఎండాకాలం 40 డిగ్రీలు దాటినప్పుడు ఈ నడక ఎలాగో ఊహించుకోవచ్చు.

ఆర్చి దాటితే సర్వీసు రోడ్డు, దాని తర్వాత 40వ నంబరు జాతీయ రహదారి. కర్నూలు వైపు పోయే బస్సు ఆగేది అవతల. డివైడరుకు దారి వదిలిన చోటు ఇంకా చాలా దూరం. అందుకని జనం గన్నేరు చెట్లు విరిగి బాట పడిన చోట దాటేస్తున్నారు. మేమూ అక్కడే దాటాం. సగం దాకా కుడివైపు చూసుకోవాలి, మాస్టారు బాగానే దాటారు. డివైడరు ఎక్కాక బండ్లు ఎడమ నుంచి వస్తాయి. ఆయనకు చూపు లేని పక్క అది. "ఖాళీగానే ఉంది కదా" అని కాలు ముందుకు వేశారు. నేను మోచేయి పట్టుకుని లాగాను. ఒక టెంపో హారన్ కొట్టుకుంటూ పోయింది.

బండి నడపకుండా ఆపి ఆయన ప్రాణం కాపాడానని అప్పటిదాకా అనుకుంటున్నాను. ఈ రోడ్డు దాటించి చూశాక ఆ ధీమా పోయింది.

"టికెట్టు ఉచితమే నాయనా, బస్టాపుకే ఖర్చయ్యేటట్టుంది" అన్నారు అమ్మగారు.

ఇలాంటి కేసులు ఒక్క మన దగ్గరే కాదు. జపాన్‌లో ముసలివాళ్లు తమంతట తాము లైసెన్సు తిరిగి ఇచ్చేసే పద్ధతి 1998 నుంచి ఉంది. ఇచ్చినవాళ్లకు ఒక కార్డు ఇస్తారు, దానితో చాలా చోట్ల బస్సుల్లో, టాక్సీల్లో తగ్గింపు దొరుకుతుంది. 2019లో టోక్యోలోని ఇకెబుకురోలో 87 ఏళ్ల డ్రైవరు కారు కింద ఒక తల్లి, కూతురు చనిపోయారు. ఆ ఏడాది దాదాపు 6 లక్షల మంది లైసెన్సులు తిరిగిచ్చారు. అక్కడా బస్సు తిరగని పల్లెల్లోని పెద్దవాళ్లకు మాత్రం ఇవ్వడం అంత తేలిక కాదు. అమెరికాలో ఊరి బయట ఇళ్ల కాలనీలు రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఊళ్లకు ఊళ్లుగా లేచాయి, 1956 హైవే చట్టంతో రోడ్లు వచ్చాయి. ముప్పై ఏళ్ల వయసులో అక్కడ ఇల్లు కొన్నవాళ్లు ఎనభైలలో ఎలా బతకాలో అన్నది తర్వాత వచ్చిన తలనొప్పి. మన వెంచర్లకు ఇంకా వయసు రాలేదు. వీటిలో ఇల్లు కట్టుకున్నవాళ్లకు వస్తోంది.

గోడ

ఈ కేసులో మలుపు నా వల్ల రాలేదు. ఆ రోజు బస్టాపు నుంచి తిరిగొచ్చి మిద్దె మీద మంచినీళ్లు తాగుతుంటే కోడి కూసింది. వెంచర్‌లో కోళ్లు లేవు. పిట్టగోడ దగ్గరికి పోయి చూస్తే, వెంచర్ వెనక ప్రహరీగోడ, దానికి ఆనుకుని చిన్న చేను, ఆ చేను దాటితే ఊరు. చిల్లర అంగడి, పాలకేంద్రం, రచ్చకట్ట, కట్ట పక్కన రెండు ఆటోలు. రేకుల కింద ఒకాయన ఉగ్గాని, బజ్జీలు పెట్టి అమ్ముతున్నాడు. పొద్దున, సాయంత్రం పల్లెవెలుగు ఆ కట్ట దాకా వచ్చి తిరిగి పోతుందని ఇంట్లో పనిచేసే ఆమె చెప్పింది. మరి నువ్వెట్ల వస్తున్నావంటే నవ్వింది. గోడకు పక్కన రాళ్లు పేర్చి ఉన్నాయట, ఎక్కి దిగుతుందట.

మాస్టారు కాగితం తీసుకున్నారు. మిద్దె నుంచి అంగడి 300 మీటర్లు. అదే రోడ్డున పోవాలంటే ఆర్చి, సర్వీసు రోడ్డు, ఊరి దారి చుట్టూ తిరిగి 3 కిలోమీటర్ల పైచిలుకు. "స్థానభ్రంశం మూడొందల మీటర్లు, దూరం మూడు కిలోమీటర్లు. తొమ్మిదో తరగతి పిల్లోనికి చెప్పే లెక్క ఇది. నాలుగేండ్లు నేనే చూడల్యా" అన్నారు. నాలుగేళ్లుగా రోజూ కారులో ఆ మూడు కిలోమీటర్లు తిరిగి అదే ఊళ్లో పాలు తెచ్చుకుంటున్నారు.

నంద్యాల రోడ్డు, గుత్తి రోడ్డు మీద వెంచర్లు చాలా మటుకు ఇలాగే ఉన్నాయి. పొలం కొంటారు, చుట్టూ గోడ కట్టి ముందు ఒక ఆర్చి పెడతారు. పక్క వెంచర్ రోడ్డు ఈ వెంచర్ రోడ్డుతో కలవదు. హైవే ముందున్న బిట్లు కమర్షియల్ అని వదిలేస్తే అవి రేటు కోసం ఏళ్ల తరబడి ఖాళీగా ఉంటాయి, కాబట్టి లోపల ఒక్క అంగడి కూడా రాదు. అగ్గిపెట్టె కావాలన్నా ఆర్చి దాటాలి, ఆర్చి దాటితే హైవే.

వెనక గోడకు ఒక దిడ్డి పెట్టాలని మాస్టారు అసోసియేషన్ మీటింగులో లేచి అడిగారు. నన్నూ రమ్మంటే వెళ్లి వెనక కూర్చున్నాను. ఇద్దరు దొంగల మాట ఎత్తారు. ఒకాయన కుక్కలొస్తాయన్నాడు. ఇంకొకాయన "ఊరోళ్లంతా లోపలికొస్తారు సార్, మనం గేటెడ్ అని కదా కొన్నాం" అన్నాడు. ఆ మాట వెనక ఇంకో మాట ఉంది. దాన్ని ఎవరూ పైకి అనలేదు, అందరికీ అర్థమైంది. మాస్టారు కోప్పడలేదు. అప్రూవ్డ్ లేఅవుట్‌లో రోడ్లు, పార్కు స్థలం గిఫ్ట్ డీడ్‌తో పంచాయతీకి రాసిచ్చేస్తారని, కాబట్టి వెనక రోడ్డు కొసన ఆ గోడ ఎవరి అనుమతితో కట్టారో తను అర్జీ పెట్టి అడగగలనని చెప్పారు. తర్వాత గొంతు తగ్గించి, "మీ ఇండ్లలో పనిచేసే వాళ్లు రోజూ ఆ గోడ దూకే వస్తున్నారు. పడితే నడుం విరుగుతుంది. అది చూడండి చాలు" అన్నారు. నోరు మెదపని ఆడవాళ్లు అప్పుడు మాట్లాడారు. వాళ్లందరివీ బండి నడపని చేతులే.

రెండు నెలలు సాగింది. చేను యజమాని గట్టు మీద నడవనివ్వడానికి ఒప్పుకోవడం ఇంకో కథ, మూడుసార్లు టీ తాగి, ఒకసారి కోప్పడి, చివరికి తన మనవడికి లెక్కలు చెప్పాలన్న షరతు మీద ఒప్పుకున్నాడు. నాలుగడుగుల ఇనుప దిడ్డి. పొద్దున 6 నుంచి రాత్రి 8 దాకా తెరిచి ఉంచాలి, తాళం వాచ్‌మన్ దగ్గర. ఖర్చు మా కోర్సు ఫీజుకు రెండింతలు కూడా కాలేదు.

దిడ్డి తెరిచాక ఒక వారం మళ్లీ నోటుబుక్కు రాయించాను. కారు 4 సార్లు. పాలు, కూర, మందులు నడకే. బ్యాంకుకు కట్ట దగ్గర బస్సెక్కి పోయారు, హైవే దాటే పని లేదు. మాస్టారు పొద్దున గట్టు మీద నడిచి రచ్చకట్ట దగ్గర పేపరు చదివి వస్తున్నారు. గట్టు మీద చూపు సంగతి నాకు కొంచెం భయమే. చేతికర్ర తీసుకోమన్నాను. అది ముసలోళ్లకని కొట్టిపారేశారు.

అన్నీ సర్దుకోలేదు. రాత్రి 8 తర్వాత ఒంట్లో బాగాలేకపోతే కారే దిక్కు, అప్పుడు తీయవలసింది చీకట్లో తీయలేని అమ్మగారు. వాన పడితే గట్టు బురద. ఆస్పత్రి కర్నూలులోనే, ఫీల్డ్ టెస్టు మళ్లీ చేయించుకోవడానికి 11 కిలోమీటర్లు పోవాలి. లైసెన్సు మాస్టారు రెన్యువల్ చేయించలేదు. ఎవరికీ తిరిగివ్వలేదు కూడా, గడువు దాటనిచ్చి బీరువాలో పెట్టేశారు.

నా దగ్గర మారినవి రెండు. యాభై దాటి రిఫ్రెషర్‌కు వచ్చేవాళ్లను ప్లేటు చదివించి వదలడం లేదు, ఫీల్డ్ టెస్టు రిపోర్టు తెమ్మంటున్నాను. ఇద్దరు అలిగి వేరే స్కూలుకు పోయారు. రెండోది, కొత్తగా చేరేవాళ్ల ఫారంలో "ఇంటి నుంచి నడిచి వెళ్లగలిగిన అంగడి ఎంత దూరం" అని ఒక లైను రాయిస్తున్నాను. మా ఇన్‌స్ట్రక్టరు దీనికి నవ్వుతాడు.

మొన్న అదే వెంచర్ నుంచి, మూడో లైనులో ఉండే ఒకాయన ఫోన్ చేశాడు. మీటింగులో కుక్కలొస్తాయన్న ఆయనే. రివర్స్‌లో చేయి తప్పుతోంది, నాలుగు క్లాసులు చాలన్నాడు. కారు తెమ్మన్నాను. వచ్చి ఆపాక ముందు ఎడమ పక్కకు తిరిగి చూశాను.